రాతోమిర్ మేస్త్రీ చూడని అంకె

నెలలో రెండో శనివారం మా ఊరి అగ్నిమాపక దళం హాల్లో పాత తుపాకుల సంత పెడతారు. సంత అనే మాటే గానీ కొనేవాళ్ళకంటే కబుర్లాడేవాళ్ళే ఎక్కువ. పెళ్ళి భోజనాలకి అద్దెకిచ్చే బల్లల మీదే బూడిదరంగు దుప్పట్లు పరిచి, లైసెన్సున్న పెద్దమనుషులు తమ ముద్దుబిడ్డల్ని వరసగా పడుకోబెడతారు. ప్లమ్ పళ్ళ సారా ఎవరో ఒకరు తెస్తారు. తేకపోతే ఆ నెల సంత జరిగినట్టే లెక్కలేదు. కిటికీ పక్కన ఒక్క బల్ల మాత్రం ఎప్పుడూ ఖాళీగా ఉంచుతారు. అది రాతోమిర్ మేస్త్రీది.

ఆయన అమ్మడు, కొనడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి ఒక భూతద్దం, ఒక స్క్రూడ్రైవరు, ఒక మెత్తటి గుడ్డ పెట్టుకుని కూర్చుంటాడు. జనం వచ్చి తమ పాపోవ్‌కాలు ఆయన ముందు పెడతారు. ఏది అసలుదో, ఏది అతుకులబొంతో ఆయన చెబుతాడు. చెప్పాక ఇక అప్పీలు లేదు. కొందరు మొహం మాడ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు, కొందరు మళ్ళీ సారా సీసాతో వచ్చేవాళ్ళు.

పాపోవ్‌కా అంటే మా వైపు ముసలీముతకా అందరికీ తెలిసిన తుపాకీ. పది తూటాలు పడుతుంది. మీట నొక్కిన ప్రతిసారీ ఒకటి పేలుతుంది, రెండోది తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. బొమ్మ గీసింది రష్యావాళ్ళు. ఆ బొమ్మ చూసి అరడజను దేశాలు ఎవరికి నచ్చిన వంట వాళ్ళు వండుకున్నాయి. ఆ వంటల రుచులన్నీ రాతోమిర్‌కి కళ్ళు మూసినా తెలుసు.

"ఇదిగో, ముందు కొయ్య ఇంత పొడుగుందా, అల్బేనియావాడిది," అనేవాడు. "భుజానికి ఆనే మడమలో గొట్టం తుడిచే సామాను దాచుకునే బొరియ లేదా, తూర్పు జర్మనీది. వాడికి పొదుపెక్కువ. కత్తి బదులు దబ్బనం లాంటి బాయ్‌నెట్ ఉందా, చైనాది. రష్యావాడు గొట్టం లోపల క్రోమియం పూత పూశాడు, పదేళ్ళు తుడవకపోయినా మెరుస్తుంది. మనవాడు పూయలేదు. మనది వారం తుడవకపోతే అలుగుతుంది."

"మన ఆడవాళ్ళ లాగా," అనేవాడు బెల్టులూ తోలు సంచులూ అమ్మే క్ర్‌స్తా.

"నీ పెళ్ళాం అలగదు లేరా, ఆవిడికి ఆశే పోయింది," అనేవాడు మేస్త్రీ తలెత్తకుండానే. హాలంతా నవ్వేది.

మన పాపోవ్‌కాల్లో మళ్ళీ మూడు రకాలు. మొదటి రకానికి ముక్కు పొట్టి. రెండోదానికి గ్రెనేడు తగిలించేందుకు ముక్కు సాగదీశారు. మూడోదానికి చీకట్లో గురి చూసుకోవడానికి పచ్చగా వెలిగే చుక్కలు పెట్టారు. సేకరించేవాళ్ళకి ఈ మూడూ కావాలి. అంతకంటే ముఖ్యంగా, బోల్టు మీదా మూత మీదా కొయ్య మీదా ఉన్న అంకె ఒక్కటే కావాలి. ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు ఎలా ఉందో అలా, ఏ భాగమూ మారకుండా ఉండాలి. మారిందని తేలితే ఆ మొహాలు చూడాలి, ఇంట్లో చావు కబురు విన్నట్టే ఉంటాయి.

రాతోమిర్‌కి ఒక అలవాటుంది. ఎవరు ఏ పాపోవ్‌కా తెచ్చినా ముందు ముక్కూ చూడడు, గొట్టమూ చూడడు. ఎడమ పక్కకి తిప్పి మడమ మీది అంకె చూస్తాడు. ఒక్క క్షణం. ఆ తరవాతే ఊపిరి వదిలి, మిగతా పరీక్ష మొదలుపెడతాడు. అది పనివాడి పద్ధతని అందరూ అనుకునేవారు. కాదు. ఆయన వెతుకుతున్నది ఒకే అంకె, రెండు లక్షల పద్నాలుగు వేల ఎనిమిది వందల ఆరు.

ఆ అంకె ఆయన కొడుకు స్లావ్కోది. తొంభై ఒకటో సంవత్సరం మార్చిలో, పందొమ్మిదేళ్ళ వయసులో స్లావ్కోని సైన్యానికి పిలిచారు. సామాన్లు కాసే దళంలో వేసి పాత పాపోవ్‌కా ఒకటి చేతికిచ్చారు. మా కాలంలో సైన్యానికి వెళ్ళిన ప్రతివాడికీ తన తుపాకీ అంకె నోటికి రావాలి. నిద్రలో లేపి అడిగినా చెప్పాలి, తడబడితే కందకం తవ్వాలి. అరవై దాటినవాళ్ళు పెళ్ళిరోజు మరిచిపోయినా ఆ అంకె మరవరు. స్లావ్కో మొదటి ఉత్తరంలోనే రాశాడు: "అమ్మా, ఇక్కడ నన్ను స్లావ్కో అని ఎవరూ పిలవరు. నా పేరు 214806. నువ్వు కూడా కంఠస్థం చెయ్యి, వచ్చాక అప్పజెప్పించుకుంటాను." వాళ్ళమ్మ విదోసవ నిజంగానే కంఠస్థం చేసింది. పొయ్యి దగ్గర నిలబడి, పిండి పిసుకుతూ, అంకె అంకె విడదీసి చదువుకునేది.

ఆ వేసవిలో యుద్ధం మొదలైంది. అక్టోబరు తరవాత ఉత్తరాలు రాలేదు. నవంబరు చివర్లో సైన్యం నుంచి ఒక కాగితం వచ్చింది. చనిపోయాడని కాదు, ఆచూకీ తెలియలేదని. డాన్యూబ్ నది దగ్గర ఎక్కడో దళం దళమే చెదిరిపోయిందట.

ఆ రోజుల్లో రాతోమిర్ పట్నంలో తుపాకులు మరమ్మతు చేసే చోట కొయ్యల బల్లకి మేస్త్రీ. యుద్ధభూమిలో పోగేసిన తుపాకులు లారీల్లో అక్కడికే వచ్చేవి. ఇనుము ఒక గదికి, పాడైనదైతే తుక్కుకి, కొయ్యలు ఇంకో గదికి. మురికీ నెత్తురూ పోయేదాకా కొయ్యల్ని వేడి సోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టడం, ఉప్పుకాగితంతో పాత అంకెనీ చెక్కుళ్ళనీ అరగదీసి నున్నగా చేయడం, అవిసె నూనె పట్టించి ఏ ఇనుముకి అమరితే దాని అంకె ఇనప అచ్చులు పెట్టి సుత్తితో కొట్టడం ఆయన బల్ల మీది పని.

చెక్కుళ్ళంటే కుర్రాళ్ళు కత్తిమొనతో చెక్కుకున్నవి. ప్రియురాలి పేరు, ఊరి పేరు, ఇంటికెళ్ళడానికి మిగిలిన రోజుల గీతలు. నవంబరు మొదట్లో ఆ బల్ల దగ్గర పనిచేసే మిలూంకా అనే ఆవిడ ఒక కొయ్య మీద తన అన్నకొడుకు పేరూ వాళ్ళ ఊరి పేరూ చదివింది. నేల మీద కూర్చుండిపోయింది. మళ్ళీ పనికి రాలేదు. అప్పుడు రాతోమిర్ తన బల్ల వాళ్ళందరినీ పిలిచి ఒక నియమం పెట్టాడు.

"ఇకనుంచి ఎవరూ చదవద్దు. అంకె ఉన్న పక్క కిందికి తిప్పి బల్లకేసి రుద్దండి. చేత్తో తడిమితే తెలుస్తుంది, నున్నగా అయిందో లేదో. కళ్ళు అక్కర్లేదు. చదివితే పని చెయ్యలేం."

అందరూ ఒప్పుకున్నారు. అందరి ఇళ్ళలోనూ కుర్రాళ్ళున్నారు మరి. దయగల నియమమే. దాన్ని తప్పుపట్టే మనసు నాకు లేదు.

ఆ తరవాత మూడు వారాలకే ఇంటికి కాగితం వచ్చింది. విదోసవ ఏడవలేదు. పనికెళ్ళే మొగుడి కోటు గుండీలు పెడుతూ చెప్పింది: "ఏమయ్యా, అన్నీ నీ చేతుల మీదుగానే కదా వచ్చేది. వాడి అంకె నీకు తెలుసు. చూస్తూ ఉండు."

సాయంత్రం రాగానే అడిగింది. "కనపడిందా?"

"లేదు," అన్నాడు రాతోమిర్.

అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదు. ఆయన చూడలేదు. చూద్దామని పొద్దున్నే ఒట్టు పెట్టుకుని వెళ్ళేవాడు, తీరా కొయ్య చేతిలోకి రాగానే వేళ్ళు వాటంతటవే దాన్ని బోర్లించేవి. చూస్తే ఉంటుందేమో. ఉంటే ఇక అంతే కదా. ఆ శీతాకాలం, వసంతం, వేసవి, ఏడు నెలలు, వేలకొద్దీ కొయ్యలు కళ్ళు పక్కకి తిప్పుకుని రుద్దాడు. ప్రతి సాయంత్రం "కనపడిందా?" ప్రతి సాయంత్రం "లేదు."

ఆ "లేదు" మీద విదోసవ ఒక ఇల్లు కట్టుకుంది. "తుపాకీ వెనక్కి రాలేదంటే వాడితోనే పోయిందన్నమాట. వాడితో పోయిందంటే అవతలి వాళ్ళు తుపాకీతో సహా పట్టుకుపోయారన్నమాట. పట్టుకుపోయారంటే బతికున్నాడు." ఇరుగమ్మకీ పొరుగమ్మకీ ఇదే లెక్క చెప్పేది. మా గుళ్ళో కొవ్వొత్తులు పెట్టడానికి రెండు పళ్ళేలుంటాయి, పైది బతికున్నవాళ్ళకి, కిందిది పోయినవాళ్ళకి. విదోసవ ముప్పై ఒక్క ఏళ్ళుగా ప్రతి ఆదివారం కొడుకు పేరున పై పళ్ళెంలోనే వెలిగించింది. పక్కనే నిలబడి రాతోమిర్ కూడా అక్కడే వెలిగించాడు. ఆ లెక్కలో మొదటి అంకె తప్పని ఆయనకొక్కడికే తెలుసు.

ఉద్యోగం మానేశాక సంతలు పట్టుకుని తిరగడం అందుకే. అప్పుడు చూడని కళ్ళతో ఇప్పుడు ప్రతిదీ చూశాడు. ఆ అంకె ఏ సేకరించేవాడి దగ్గరో, ఏ పరాయి దేశం నుంచో కనపడితే విదోసవ లెక్క నిజమవుతుంది, తన అబద్ధం అబద్ధం కాకుండా పోతుంది. ఊరంతా మెచ్చుకునే ఆ పరీక్ష కన్ను అలా వచ్చిందే.

మొన్న సెప్టెంబరు సంతకి పళ్ళ డాక్టరు వ్లాదాన్ ఒక పాపోవ్‌కా తెచ్చాడు. నలభై అయిదేళ్ళ మనిషి, పేషెంట్లని కూడా ఇంత ప్రేమగా ఎత్తుకోడు.

"మేస్త్రీ గారూ, ఇది చూసి చెప్పండి. పొడుగు ముక్కుది, రెండో రకం. అన్ని భాగాలూ ఒకే అంకె. ఫ్యాక్టరీలో పుట్టిందే పుట్టినట్టుంది. నాకు రాత్రి నిద్ర పట్టలేదంటే నమ్మండి."

రాతోమిర్ ఎడమ పక్కకి తిప్పాడు. 214806 కాదు. ఊపిరి వదిలాడు. బోల్టు చూశాడు, మూత చూశాడు, గొట్టంలోకి లైటు వేశాడు. ఇనుము వరకూ అంతా బాగానే ఉంది. మళ్ళీ కొయ్య మీది అంకె మీద భూతద్దం పెట్టాడు. అందులో ఒక మూడు ఉంది. ఆ మూడుకి కింది బొజ్జ చివర కాస్త విరిగి ఉంది.

"ఇది ఫ్యాక్టరీది కాదు డాక్టరుగారూ," అన్నాడు. "అంకె తరవాత కొట్టింది."

"అబ్బా! ఎలా చెప్పగలరు? నాకు తేడానే కనపడలేదు."

"నేనే కొట్టాను. ఈ మూడు అచ్చు తొంభై రెండు ఫిబ్రవరిలో నా చేతిలోంచి రాతి నేల మీద పడి విరిగింది. ఏప్రిల్లో కొత్తది ఇచ్చారు. ఈ రెండు నెలల్లో కొట్టిందిది."

క్ర్‌స్తా పక్క బల్ల నుంచి ఈల వేశాడు. "చూశావా డాక్టరూ, పిల్లాడి పన్ను చూసి తండ్రి పోల్చుకున్నట్టు!"

డాక్టరు దిగులుగా నవ్వాడు. "పోనీ, కొయ్యయినా ఆ కాలందేనా?"

చెక్క ఏ జాతిదో, ఏ కాలందో మడమ రేకు విప్పితే తెలుస్తుంది. లోపలి చెక్కకి నూనె తగలదు, రంగు మారదు. రాతోమిర్ రెండు స్క్రూలు విప్పి రేకు పక్కన పెట్టాడు. అక్కడిదాకా ఉప్పుకాగితం ఎప్పుడూ పోదు. అందుకే అక్కడ కత్తిమొనతో చెక్కింది చెక్కినట్టే ఉంది. పైన "గారొవ్" అని ఉంది. కింద అంకె. రెండు, ఒకటి, నాలుగు, ఎనిమిది, సున్నా, ఆరు.

గారొవ్ వాళ్ళింటి నల్లకుక్క పేరు. స్లావ్కో వెళ్ళాక రెండేళ్ళు గేటు దగ్గరే పడుకుని చచ్చిపోయింది.

మేస్త్రీ భూతద్దం పక్కన పెట్టి ఆ అంకె మీదికే వంగిపోయాడు. డాక్టరుకి భయమేసింది. నీళ్ళు తెప్పించాడు. రాతోమిర్ తాగలేదు. కొయ్య ఎడమ పక్కన, అంకె చుట్టూ, అరచేత్తో రుద్దాడు. నున్నగా ఉంది. ఎంత బాగా చేశాడో తన పని! ఎక్కడా ఒక్క గీత లేదు. తన కొడుకు అక్కడ ఏమైనా చెక్కాడో, ఎన్ని రోజుల గీతలు గీశాడో, ఏ పిల్ల పేరు రాశాడో ఇక ఎవరికీ తెలియదు.

"ఇది మావాడిది," అన్నాడు చివరికి. "నా బల్ల మీదికి వచ్చింది. నేను చూళ్ళేదు."

హాల్లో ఎవరూ నవ్వలేదు. వ్లాదాన్ స్క్రూడ్రైవరు అందుకుని, ఇనుమంతా విప్పి పక్కన పెట్టి, కొయ్యని తన దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. తుపాకులు సేకరించే ఎవరికైనా అది చెయ్యి నరుక్కున్నంత పని. "తీసుకెళ్ళండి మేస్త్రీ గారూ, ఇది నాది కాదు," అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పెరటి వంటింట్లో విదోసవ చలికాలపు పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాలుస్తోంది. పెద్ద బుట్టెడు కాల్చేసింది. వాటి తొక్క ఒలిచి తొట్టిలో వేస్తోంది. వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి.

"కనపడిందా?" అంది, సంత నుంచి వచ్చిన ప్రతిసారీ అడిగినట్టే, తల తిప్పకుండా.

తోవంతా రాతోమిర్ రెండు జవాబులు సిద్ధం చేసుకున్నాడు. "లేదు" అంటే అంతా ఎలా ఉందో అలాగే ఉంటుంది. ఆమె రేపు మళ్ళీ పైన వెలిగిస్తుంది. దుప్పటి మూట కట్టెల కొట్టంలో దాచేస్తే సరిపోతుంది. ఒక్క మాటే కదా, ముప్పై ఏళ్ళుగా అలవాటైనదే. కానీ నోరు రాలేదు.

"కనపడింది."

ఆమె చేతిలో మిరపకాయ అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడు కాదు విదా. తొంభై రెండులోనే వచ్చింది. నా దగ్గరికే వచ్చింది. నేను చూడలేదు. ఏ ఒక్కటీ చూడలేదు. బోర్లేసి రుద్దేశాను. నువ్వడిగితే లేదన్నాను."

మూట విప్పి మడమ వైపు ఆమెకి చూపించాడు. ఆమె చేతులు తుడుచుకోకుండానే చెక్క మీద వేలు పెట్టి చదివింది. గారొవ్. తరవాత అంకె అంకె విడదీసి, పొయ్యి దగ్గర చదువుకున్నట్టే, పెదాలు కదుపుతూ. చదివి మళ్ళీ తన పీట మీద కూర్చుంది. మిరపకాయలు ఒలవడం మొదలుపెట్టింది. బుట్ట ఖాళీ అయ్యేదాకా ఒలిచింది. గంట పట్టింది. రాతోమిర్ గుమ్మంలో నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆమె అనలేదు.

"ముప్పై ఏళ్ళు," అంది చివరికి. "ముప్పై ఏళ్ళు నన్ను పైన వెలిగించనిచ్చావు. పక్కన నిలబడి చూశావు."

"అవును."

"ఇరుగుపొరుగు నన్ను పిచ్చిదానన్నారు. నువ్వూ విన్నావు."

"విన్నాను."

"నిన్ను తిట్టాలని ఉంది. మాటలు దొరకట్లేదు." ఏడ్చింది. ముప్పై ఏళ్ళు ఆపుకున్నది ఆగుతుందా? మసి వేళ్ళతోనే మొహం తుడుచుకుంటే మొహమంతా నల్లబడింది. రాతోమిర్‌కి దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు, వెళ్ళకుండా ఉండే ధైర్యమూ లేదు.

కాసేపటికి ఆమె అడిగింది. "ఆ రోజు దీనికి ఏం చేశావో చెప్పు. వరసగా చెప్పు. ఏదీ వదలకు."

"ఎందుకే ఇప్పుడు?"

"చెప్పు."

"వేడి నీళ్ళలో సోడా కలిపి కడిగాను. మరకలు పోయేదాకా. రెండుసార్లో మూడుసార్లో."

"మరకలు ఉన్నాయా?"

"చూడలేదన్నానుగా. అన్నిటికీ ఉండేవి."

"తరవాత?"

"మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. రుద్దాను. అవిసె నూనె పట్టించాను. అది ఇంకాక మళ్ళీ పట్టించాను."

విదోసవ ఆ కొయ్యని ఒళ్ళోకి తీసుకుంది. మా వైపు పోయినవాళ్ళకి ఇంటివాళ్ళే స్నానం చేయిస్తారు, పరాయి చేతులు పడనివ్వరు. స్లావ్కోకి ఎవరు చేయించారో, అసలు చేయించారో లేదో, ఆ ఊసు ఆ ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తితే పోయినట్టే కదా.

"అయితే స్నానం నువ్వే చేయించావన్నమాట," అంది. "నూనె కూడా రాశావు."

రాతోమిర్ గుమ్మానికి జారగిలబడి నేల మీద కూర్చుండిపోయాడు, ఒకప్పుడు మిలూంకా కూర్చున్నట్టు.

మర్నాడు ఆదివారం. ఇద్దరూ గుడికి వెళ్ళారు. క్షమించిందో లేదో ఆయన అడగలేదు. అడిగితే ఆమెకే తెలియదని చెప్పేది. విదోసవ రెండు కొవ్వొత్తులు కొని ఒకటి వెలిగించింది. అలవాటు చొప్పున ఆమె చెయ్యి పై పళ్ళెం దాకా లేచింది. అక్కడే కాసేపు నిలబడిపోయింది, మైనం కరిగి ఆమె వేళ్ళ మీద పడేదాకా. తరవాత దించింది.

కింది పళ్ళెం మోకాలెత్తులో ఉంటుంది. వంగాలి. విదోసవ మోకాళ్ళు వంగవు. మొగుడి వైపు తిరిగి, వెలుగుతున్న కొవ్వొత్తి ఆయన చేతిలో పెట్టింది. రాతోమిర్ తలూపి, కన్నీళ్ళు కనపడకుండా మొహం పక్కకి తిప్పుకుని, వంగబోయాడు.

ఆమె ఆయన భుజం పట్టుకుని ఆపింది.

"అటు తిరిగి కాదు," అంది. "ఈసారి చూసి పెట్టు."